శాంపిల్ కేసులన్నీ పాస్, హిడెన్ కేసుల్లో ఫెయిల్: ఈ ఆన్‌లైన్ కోడింగ్ టెస్టులతో ఎలా వేగాలి?

అమీర్‌పేట్_జావా
జావా బ్యాకెండ్ పోస్టు. 90 నిమిషాలు, రెండు కోడింగ్ ప్రశ్నలు, 20 బిట్లు. రన్ కొడితే శాంపిల్ కేసులన్నీ పచ్చగా వచ్చాయి. సబ్మిట్ కొడితే, మనకి చూపించని హిడెన్ కేసుల్లో మొదటిదానికి 15లో 11, రెండోదానికి 12లో 8. కాసేపటికే రిగ్రెట్ మెయిల్. ఏ ఇన్‌పుట్‌కి పోయిందో చూపించరు, అడిగితే జవాబుండదు. కడుపు మండిపోతోంది.

ప్రశ్న 1: ఎన్ నంబర్ల అర్రే, ఎన్ గరిష్ఠంగా 2 లక్షలు. విలువ ఒకటే ఉన్న జతలు ఎన్ని? హ్యాష్‌మ్యాప్‌లో ఒక్కో నంబర్ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి, ఒక్కో కౌంట్ సి కి సి × (సి − 1) / 2 కలిపా. ఆన్సర్ లాంగ్‌లోనే (పెద్ద నంబర్లు పట్టే రకం) పెట్టా, ఓవర్‌ఫ్లో (నంబర్ పట్టక చెడిపోవడం) అనకండి.

ప్రశ్న 2: రెండు స్ట్రింగులు, ఒక్కోటి లక్ష అక్షరాల దాకా, అన్నీ చిన్నబడి ఇంగ్లీషు అక్షరాలే. ఒకటి రెండోదానికి అనాగ్రామా (అవే అక్షరాలు, వరుస వేరు) కాదా. రెండు హ్యాష్‌మ్యాపులు కట్టి, అక్షరం అక్షరానికి కౌంట్లు సమానమా అని చూశా.

ఇందులో తప్పెక్కడ?

సెమికోలన్_శీను
ఇన్‌పుట్ చదవడానికి స్కానర్ వాడి ఉంటావు, అది నెమ్మది. బఫర్డ్‌రీడర్‌కి మార్చు, పోతుంది.

నల్‌పాయింటర్
@సెమికోలన్_శీను ప్రతి జావా థ్రెడ్‌లో ఇదే మందు ఇస్తారు. 2 లక్షల నంబర్లకి స్కానర్ టైమ్‌లిమిట్ దాటించదు. 10 లక్షలు దాటితే అప్పుడు మాట్లాడదాం. హ్యాకర్‌ర్యాంక్‌లో డీఫాల్ట్‌గా సీ++కి 2 సెకన్లు, జావాకి 4, పైథాన్‌కి 10 ఇస్తారు. అసలు ఫెయిలైన చోట ఏమని వచ్చింది? టైమ్ అవుటా, రాంగ్ ఆన్సరా?

అమీర్‌పేట్_జావా
రెండిటికీ రాంగ్ ఆన్సరే.

సెమికోలన్_శీను
సరే, నా మందు వెనక్కి తీసుకుంటున్నా.

బగ్గుల_బాబాయి
రాంగ్ ఆన్సర్ అంటే మొదటిది ఓవర్‌ఫ్లోనే తమ్ముడూ, అనొద్దన్నా అంటాను. ఆన్సర్ లాంగ్‌లో పెట్టావు, బాగుంది. సి మాత్రం మ్యాప్ నుంచి వచ్చిన ఇంట్ (లాంగ్ కంటే చిన్న రకం) కదా. జావా కుడివైపు లెక్కంతా ముందు ఇంట్‌లోనే చేసి, అప్పుడు లాంగ్‌లో పోస్తుంది. అప్పటికే గుణకారం చెడిపోయి ఉంటుంది.

అంకెలతో చూడు. ఇంట్ గరిష్ఠ విలువ 2,14,74,83,647. సి 46,341 అయితే సి × (సి − 1) విలువ 2,14,74,41,940, ఇంకా లోపలే ఉంది. 46,342 అయితే 2,14,75,34,622, దాటేసింది. అంటే ఒకే నంబర్ 46,342 సార్లో అంతకు మించో వచ్చిన ప్రతి కేసూ అనుమానించాల్సిందే.

2 లక్షలూ ఒకటే నంబర్ ఇచ్చారనుకో. రావలసింది 19,99,99,00,000. నీ కోడ్ ఇచ్చేది 67,25,47,168. నెగటివ్ వచ్చుంటే నువ్వే పట్టేవాడివి. ఇక్కడ చుట్టు తిరిగొచ్చి బుద్ధిగా పాజిటివ్‌గా కూర్చుంది, అందుకే చూసినా అనుమానం రాదు.

మందు చిన్నదే: ముందు 1ఎల్ (లాంగ్ రకం ఒకటి) పెట్టి గుణించు. 1ఎల్ × సి × (సి − 1) / 2. బ్రాకెట్‌లో సి × (సి − 1) ముందే చేసి, తర్వాత లాంగ్‌కి కాస్ట్ చేస్తే లాభం లేదు.

బగ్గుల_బాబాయి
రెండోదాంట్లో కౌంట్లు దేంతో పోల్చావు? == తోనా, ఈక్వల్స్ తోనా?

అమీర్‌పేట్_జావా
== తోనే. నంబర్లే కదా బాబాయ్.

నల్‌పాయింటర్
అయిపోయింది 😀

బగ్గుల_బాబాయి
నంబర్లు కాదు, ఇంటిజర్ ఆబ్జెక్టులు. మ్యాప్.గెట్ ఇచ్చేది ఆబ్జెక్ట్. రెండు ఆబ్జెక్టుల మధ్య == పెడితే విలువ చూడదు, రెండూ ఒకే ఆబ్జెక్టా కాదా అని చూస్తుంది.

మరి శాంపిల్‌లో ఎందుకు పనిచేసిందంటే, −128 నుంచి 127 దాకా ఇంటిజర్ ఆబ్జెక్టుల్ని జావా ముందే చేసి క్యాష్‌లో పెట్టుకుంటుంది, ఎవరడిగినా అవే ఇస్తుంది. శాంపిల్ స్ట్రింగ్‌లో ఏ అక్షరమైనా రెండు మూడు సార్లకు మించి ఉండదు కాబట్టి == నిజమైంది. 127 దాటగానే కొత్త ఆబ్జెక్ట్ పుడుతుంది. విలువలు ఒకటే అయినా == అబద్ధం అంటుంది.

ఇంకో సరదా: 26 అక్షరాలు, ఒక్కోటి 127 సార్లు అంటే 3,302. స్ట్రింగ్ పొడవు 3,303 అయిందంటే ఏదో ఒక అక్షరం 128 సార్లు వచ్చి తీరాలి. అంటే పొడవు 3,303 గానీ అంతకు మించి గానీ ఉండి, జవాబు ఎస్ రావలసిన ప్రతి కేసూ నీకు నో అని వచ్చింది. పెద్ద స్ట్రింగే అయినా జవాబు నో అయితే పాసయ్యావు, అదీ అదృష్టమే. ఆ పోయిన 4 ఎస్ కేసులని పందెం.

ఈక్వల్స్ పెట్టు. ఇంకా మంచిది, మ్యాపే వద్దు, 26 గడుల ఇంట్ అర్రే చాలు. మొదటి స్ట్రింగ్‌కి ఒకటి పెంచు, రెండోదానికి ఒకటి తగ్గించు, చివర్లో అన్నీ సున్నా అవాలి. అంతకంటే ముందు పొడవులు సమానమో కాదో చూడు.

వరంగల్_వీరుడు
గిదేం లెక్కనే. గీ క్యాష్ ముచ్చట తెలిస్తెనే బ్యాకెండ్ రాయొస్తదా? ఆఫీసుల ఐడీఈ (కోడ్ రాసే సాఫ్ట్‌వేర్) పసుపు గీత గీసి మరీ చెప్తది. టెస్టుల ఐడీఈ ఉండది, గూగుల్ ఉండది, ఆఖరికి సరైన ఆటోకంప్లీట్ గూడ ఉండది. పనిల లేని కష్టాన్ని తెచ్చి పరీక్ష పెడుతున్నరు.

బగ్గుల_బాబాయి
@వరంగల్_వీరుడు ఆటోకంప్లీట్ మాట ఒప్పుకుంటా. ఓవర్‌ఫ్లో మాట ఒప్పుకోను. జావా సొంత లైబ్రరీలోనే బైనరీ సెర్చ్‌లో (సార్ట్ అయిన జాబితాని సగాలు చేస్తూ వెతకడం) కింది హద్దు, పై హద్దు కూడి రెండుతో భాగించే చోట ఇదే ఓవర్‌ఫ్లో దాదాపు తొమ్మిదేళ్లు దాక్కుంది. 2006లో ఆ కోడ్ రాసిన జాషువా బ్లాకే బయటపెట్టాడు. ఏ ఐడీఈ గీత గీసింది?

క్యూఏ_కృష్ణవేణి
పేపరు తయారుచేసే వైపు సంగతి కొంత చెప్తాను, ఉపయోగపడొచ్చు.

హిడెన్ కేసులు గాలికి పెట్టరు. 15 ఉంటే మామూలుగా పంపకం ఇలా ఉంటుంది: రెండు మూడు చిన్నవి; ఎన్ = 1, అర్రే ఖాళీ లాంటి అంచు కేసులు రెండు; అన్నీ ఒకటే విలువ; అన్నీ వేరువేరు విలువలు; ముందే సార్ట్ అయినది, తిరగేసి సార్ట్ అయినది; నెగటివ్‌లు, సున్నాలు; మిగతావి గరిష్ఠ సైజులో ర్యాండమ్. ఒక్కో కేసుకి మార్కులు వేరుగా ఉండొచ్చు, పెద్ద కేసులకే ఎక్కువ పెట్టడం మామూలు. అందుకని 15లో 11 అంటే 73 శాతం మార్కులొచ్చాయని లెక్కేసుకోకండి.

ప్రశ్న కింద ఇచ్చే పరిమితులే అసలు క్లూ, వాటిని కథ తర్వాత కాదు ముందు చదవండి. సెకనుకి సుమారు 10 కోట్ల చిన్న ఆపరేషన్లు అని మోటు లెక్క వేసుకోండి. ఎన్ 20 లోపుంటే అన్ని ఉపసమితులూ చూడొచ్చు, రెండు పవర్ 20 అంటే 10 లక్షల చిల్లరే. ఎన్ 5,000 దాకా అయితే రెండు లూపులు ఒకదాన్లో ఒకటి నడుస్తాయి, రెండున్నర కోట్లు. లక్ష అనగానే రెండు లూపులు మర్చిపోండి, వెయ్యి కోట్లవుతుంది. సార్టింగో, హ్యాషింగో, రెండు పాయింటర్లో ఆలోచించాలి. విలువలు 100 కోట్ల దాకా ఉన్నాయంటే కూడికలకి లాంగ్ తప్పదు.

పోయిన కేసు ఎందుకు చూపించరంటే ప్రశ్నల బ్యాంకు లీకు భయం. పరీక్ష అయిన సాయంత్రానికే ప్రశ్నలు టెలిగ్రామ్ గ్రూపుల్లోకి వస్తాయి. కేసులు కూడా వస్తే కేసుకో ఇఫ్ రాసి పాసవుతారు.

వరంగల్_వీరుడు
కేసు చూపకున్రి, సరే. గని "పెద్ద ఇన్‌పుట్‌ల పోయింది" అని ఒక్క ముక్క చెప్తే లీకైతదా అక్కా?

క్యూఏ_కృష్ణవేణి
కాదు. కేసులకి పేరు పెట్టే వీలు ఉన్న ప్లాట్‌ఫామ్‌లు ఉన్నాయి, సెట్ చేసేవాళ్లే బద్ధకించి "టెస్ట్ కేస్ 9" అని వదిలేస్తారు. ఈ విషయంలో మీ కోపం న్యాయమే.

తిన్నావా404
కేసు పేరు "ఇక్కడే పోతావు" అని పెట్టినా సంతోషమే.

స్టాక్_సత్యవతి
ఇలాంటివి సబ్మిట్‌కి ముందే పట్టడానికి ఒక పద్ధతుందండి. ప్రశ్నకి మొరటు జవాబు, అంటే రెండు లూపులది, వేరే ఫంక్షన్‌గా రాసుకోండి. మెయిన్‌లో సైజు 1 నుంచి 6, విలువలు 1 నుంచి 3 మధ్య ర్యాండమ్‌గా అర్రేలు పుట్టించి, వెయ్యిసార్లు రెండు ఫంక్షన్ల జవాబులూ పోల్చండి. తేడా వచ్చిన మొదటి అర్రే ప్రింట్ చేసి ఆగిపోవాలి. విలువలు చిన్న పరిధిలో పెడితేనే డూప్లికేట్లు బాగా పడతాయి. పెద్ద పరిధి పెడితే అన్నీ వేరువేరుగా వచ్చి ఏ బగ్గూ బయటికి రాదు. రాయడానికి ఓ అయిదు నిమిషాలు, అంతేనండి.

నల్‌పాయింటర్
మంచిదే, కానీ ఈ థ్రెడ్‌లోని రెండు బగ్గుల్నీ అది పట్టదు సత్యవతి గారూ. సైజు 6 అర్రేలో 46,342 ఎక్కడిది, 128 ఎక్కడిది? దానికి తోడు ఒక పెద్ద కేసు కూడా నడపాలి. కాపీ పేస్ట్ ఆపేస్తారు కాబట్టి కస్టమ్ ఇన్‌పుట్ పెట్టెలో 2 లక్షల నంబర్లు పోయలేం. మెయిన్‌లోనే లూప్ రాసి అర్రే నింపాలి: ఒకసారి అన్నీ ఒకటే, ఒకసారి 1 నుంచి ఎన్ దాకా. మొదటిదానికి జవాబు ఫార్ములాతో చేత్తోనే తెలుస్తుంది.

స్టాక్_సత్యవతి
నిజమే, ఒప్పుకున్నా. రెండూ చేయాలి.

సెమికోలన్_శీను
సబ్మిట్ చేసేముందు ఆ ప్రింట్లు తీసేయడం మరవొద్దు. ఒక్క డీబగ్ లైన్ మిగిలినా 15కి 15 ఎర్రగా వస్తాయి. సిస్టమ్.అవుట్ బదులు సిస్టమ్.ఎర్ వాడితే చాలా ప్లాట్‌ఫామ్‌ల్లో చెకర్ దాన్ని పట్టించుకోదు.

పైథాన్_పద్దు
జావా వాళ్ల ఏడుపు అయితే మా పైథాన్ ఏడుపు కూడా వినండి. మాకు ఓవర్‌ఫ్లో లేదు, మిగతావన్నీ ఉన్నాయి.

రికర్షన్ (ఫంక్షన్ తనని తానే పిలవడం) డీఫాల్ట్ లోతు 1,000. చెట్టు ప్రశ్నలో శాంపిల్‌కి 7 నోడ్లే ఇస్తారు. హిడెన్‌లో లక్ష నోడ్లు గొలుసులా ఇస్తే రికర్షన్ ఎర్రర్. లిమిట్ పెంచితే సరిపోతుందని అందరూ రాస్తారు, లిమిట్ పెంచినా అసలు స్టాక్ చాలక ప్రోగ్రామే కూలిపోవచ్చు. సొంతంగా లిస్టుని స్టాక్‌గా పెట్టి లూప్‌లో రాయడమే నమ్మకం.

లిస్ట్.పాప్(0) తో క్యూ చేయొద్దు, ముందు నుంచి ఒకటి తీసిన ప్రతిసారీ మిగతావన్నీ జరుగుతాయి. డెక్ వాడి పాప్‌లెఫ్ట్ చేయండి. "ఇన్" అని లిస్టులో వెతక్కండి, సెట్‌లో వెతకండి.

కర్లీబ్రేస్
జావాస్క్రిప్ట్ వాళ్లం వెనకబడ్డామా? 10, 9, 1 ఉన్న అర్రేకి ఉత్తి సార్ట్ కొట్టండి: 1, 10, 9 వస్తుంది. కంపేర్ ఫంక్షన్ ఇవ్వకపోతే అన్నిటినీ స్ట్రింగులుగా చూస్తుంది. శాంపిల్‌లో ఎప్పుడూ ఒంటి అంకెలే ఇస్తారు కదా, ఏడిపించడానికే.

తిన్నావా404
జావాస్క్రిప్ట్‌కి వేరే థ్రెడ్ కాదు, వేరే సైటే కావాలి.

ఎస్‌క్యూఎల్_సుబ్బులు
ఎస్‌క్యూఎల్ రౌండ్ ఉంటే మొట్టమొదట సెలెక్ట్ వెర్షన్ నడపండి. మైఎస్‌క్యూఎల్ 5.7 అని వచ్చిందంటే రో_నంబర్, ర్యాంక్ లాంటి విండో ఫంక్షన్లు ఉండవు, అవి 8.0 నుంచే. సింటాక్స్ ఎర్రర్ చూసి మీదే తప్పనుకుని పావుగంట తల బాదుకోకండి.

నాట్ ఇన్ లోపలి సబ్‌క్వెరీలో ఒక్క నల్ (విలువ లేని గడి) ఉన్నా మొత్తం ఫలితం ఖాళీ. శాంపిల్ టేబుల్‌లో నల్ ఉండదు, హిడెన్‌లో తప్పకుండా ఉంటుంది. నాట్ ఎగ్జిస్ట్స్ రాస్తే ఈ గొడవ లేదు. ఇంకా, 5 / 2 పోస్ట్‌గ్రెస్‌లో 2, మైఎస్‌క్యూఎల్‌లో 2.5. సగటులు, శాతాల ప్రశ్నల్లో కొంపలు ముంచేది ఇదే.

రాత్రిషిఫ్ట్
మీరంతా కోడ్ గొడవలో ఉన్నారు, ప్రాక్టరింగ్ (పరీక్ష మీద కెమెరా నిఘా) సంగతి ఎవరూ ఎత్తలేదు. ఫుల్‌స్క్రీన్ టెస్టులో ఎస్కేప్ నొక్కితే బ్రౌజర్ ఫుల్‌స్క్రీన్ లోంచి బయటికి వస్తుంది, వార్నింగ్ పడుతుంది. విమ్ (ఎస్కేప్ కీతో నడిచే, బయటికి రావడం కష్టమని పేరున్న ఎడిటర్) అలవాటున్నవాళ్ల చెయ్యి ప్రతి లైనుకీ ఎస్కేప్ మీదికే పోతుంది. మూడు వార్నింగులకి టెస్ట్ ముగించేలా పెట్టినవాళ్లున్నారు.

తిన్నావా404
విమ్ లోంచి బయటికి రావడం మొదటిసారి సులువైంది, అదీ తప్పేనా.

రాత్రిషిఫ్ట్
😂 సరే, పని ముక్క: ముందురోజే సిస్టమ్ చెక్ లింక్ నడపండి. కెమెరా పర్మిషన్ ఒక్క బ్రౌజర్‌కే, మిగతా యాప్‌లలో కెమెరా మూసేయండి. రెండో మానిటర్ కేబుల్ పీకేయండి, ఆపేస్తే చాలదు. డెస్క్‌టాప్ వాట్సాప్, టీమ్స్ పూర్తిగా ఎగ్జిట్. నోటిఫికేషన్ మీద పొరపాటున క్లిక్ పడితే ఫోకస్ పోయి ట్యాబ్ మారినట్టే లెక్క. విండోస్ అప్‌డేట్ వారంపాటు పాజ్. ఎక్స్‌టెన్షన్లు లేని కొత్త ప్రొఫైల్ తెరవండి, గ్రామర్ దిద్దే ఎక్స్‌టెన్షన్ ఎడిటర్‌లో దూరి అల్లరి చేస్తుంది. కరెంటు నమ్మకం లేకపోతే రౌటర్‌ని కూడా ఇన్వర్టర్ లైను మీద పెట్టండి. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉన్నా రౌటర్ ఆగితే ఏం లాభం? ఫోన్ హాట్‌స్పాట్ ముందే కలిపి పాస్‌వర్డ్ సేవ్ చేసి ఉంచండి.

మధ్యలో తెగిపోతే స్క్రీన్ ఫోటో తీసి, టైమ్‌తో సహా అప్పుడే సపోర్టుకీ హెచ్‌ఆర్‌కీ మెయిల్ పెట్టండి. టెస్టులో ఎంతసేపు డిస్కనెక్ట్ అయ్యారో లాగ్ ఉంటుంది. మర్నాడు చెప్తే సాకులా కనిపిస్తుంది.

సెమికోలన్_శీను
బిట్ల గురించి ఒక్కమాట. సీ లో ఐ++ + ++ఐ విలువ ఎంత అని ఇంకా అడుగుతున్నారు. సీ స్టాండర్డ్ ప్రకారం అది అన్‌డిఫైన్డ్, జవాబే లేదు. ఆప్షన్లలో నాలుగు నంబర్లిచ్చి, "అన్‌డిఫైన్డ్" మాత్రం ఇవ్వరు. టర్బో సీ లో ఏమొచ్చిందో అదే కరెక్టట.

క్యూఏ_కృష్ణవేణి
అలాంటి బిట్టు ఉంటే ఫీడ్‌బ్యాక్ పెట్టెలో రాయండి, నిజంగా తీసేస్తారు. నెగటివ్ మార్కులున్న పేపరైతే వదిలేయండి.

డల్లాస్_దేవి
ఇక్కడ అమెరికాలో ఓపీటీ (చదువయ్యాక పనిచేసే అనుమతి) మీద ఉన్నవాళ్లకి 90 రోజుల నిరుద్యోగ పరిమితి నెత్తిమీద ఉంటుంది, అందులో ఒక్కో కంపెనీ టేక్‌హోమ్ (ఇంట్లో చేసి పంపే ప్రాజెక్ట్) అని వారాంతమంతా తినేస్తుంది. "నాలుగు గంటల పని" అంటారు, ఏపీఐ, డేటాబేస్, లాగిన్, టెస్టులు, డాకర్ అన్నీ కావాలంటారు. చేసి పంపితే జవాబే రాదు. దీనికంటే 90 నిమిషాల టెస్టే నయం అనిపిస్తుంది.

స్టాక్_సత్యవతి
నాకు తిరగబడ్డ అభిప్రాయం. టేక్‌హోమే అసలు పనికి దగ్గరగా ఉంటుందండి. కాకపోతే గంటలకి హద్దు మనమే పెట్టుకోవాలి. నాలుగన్నారా, నాలుగే. ముందు ఒక్క దారి మొదటినుంచి చివరిదాకా పనిచేసేలా చేసి, దానికి రెండు మూడు టెస్టులు రాసి, మిగిలింది రీడ్‌మీలో "టైముంటే ఇది ఇలా చేసేదాన్ని" అని రాయండి. రివ్యూ చేసేవాళ్లు మొదట చేసేది రెపో క్లోన్ చేసి రీడ్‌మీలోని కమాండ్ నడపడం. అది నడవకపోతే కోడ్ దాకా రారు. వేరే ఫోల్డర్‌లో కొత్తగా క్లోన్ చేసి మీరే ఒకసారి నడిపి చూడండి. నోడ్‌మాడ్యూల్స్, పాస్‌వర్డులున్న ఎన్వ్ ఫైలు కమిట్ చేయకండి. ఒకే కమిట్‌లో అంతా తోసేయకండి.

వరంగల్_వీరుడు
ఏదైనా గంతే. హోమ్‌బ్రూ (మ్యాక్‌ల సాఫ్ట్‌వేర్లు ఎక్కించే టూల్) రాసిన మ్యాక్స్ హోవెల్ అంతటోడు 2015ల గూగుల్ ఇంటర్వ్యూల బైనరీ ట్రీ తిప్పలేక వెనక్కొచ్చిండని ట్వీట్ పెట్టిండు. పదేండ్లైంది, ఇంక ట్రీలే తిప్పిపిస్తున్నరు.

క్యూఏ_కృష్ణవేణి
నిజమే, మంచివాళ్లు కొందరు ఈ జల్లెడలో పోతారు. ఒక పోస్టుకి వెయ్యి దరఖాస్తులు వస్తే అందరితో కూర్చుని మాట్లాడే మనుషులు లేరు, అందుకే టెస్టు. దాన్నే తీర్పుగా తీసుకోవడం తప్పు, అది కంపెనీల తప్పు. కటాఫ్‌కి కాస్త కింద ఉన్నవాళ్ల కోడ్ ఒక మనిషి తెరిచి చూస్తే, పైన జావా తమ్ముడి లాంటివాళ్లు మిగులుతారు. లాజిక్ మొత్తం సరైనదే కదా.

అమీర్‌పేట్_జావా
బాబాయి చెప్పినట్టు 2 లక్షలూ 7 నింపి నడిపా. పాత కోడ్ 67,25,47,168 అనే ఇచ్చింది! 1ఎల్ పెట్టాక సరిగ్గా వచ్చింది. రెండోదాంట్లో 128 ఏ లు రెండు వైపులా ఇస్తే నో అంది, 127 ఇస్తే ఎస్ అంది. 26 గడుల అర్రేకి మార్చేశా.

ఇంకో డౌట్. ఇంత టైమ్‌లో మొదట ఏది చేయాలి? మొరటు జవాబు సబ్మిట్ చేసి ముందుకెళ్లొచ్చా?

బగ్గుల_బాబాయి
మొదటి అయిదు నిమిషాలు అన్ని ప్రశ్నలూ చదువు, పరిమితులు కాగితం మీద రాసుకో (కాగితం ఒప్పుకుంటారో లేదో రూల్స్‌లో చూడు, కొన్నిచోట్ల కెమెరాకి కాగితం రెండువైపులా చూపించమంటారు). దారి వెంటనే తట్టని ప్రశ్నకి మొరటు జవాబు సబ్మిట్ చెయ్, చిన్న కేసుల మార్కులైనా పడతాయి. గుడ్డికన్నా మెల్ల మేలు. కానీ ఇన్‌స్ట్రక్షన్లలో ఒకటి చూసుకో: ఎక్కువ మార్కులొచ్చిన సబ్మిషన్ లెక్కా, చివరిదే లెక్కా. చివరిదే లెక్కయితే, ఆఖరి నిమిషంలో సగం రాసిన కొత్త కోడ్ సబ్మిట్ అయ్యి ఉన్నది కూడా పోతుంది.

నల్‌పాయింటర్
టైమ్ అయిపోగానే ఎడిటర్‌లో ఉన్నది దానంతటదే సబ్మిట్ అయ్యేవి కూడా ఉన్నాయి. చివరి రెండు నిమిషాలు కొత్త లైను రాయొద్దు, కంపైల్ అయ్యే స్థితిలో ఉంచు.

కర్లీబ్రేస్
ఫోన్‌లో ఏఐని అడిగి టైప్ చేసేవాళ్ల ముందు ఈ జాగ్రత్తలన్నీ ఏపాటి? అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం.

క్యూఏ_కృష్ణవేణి
చాలా ప్లాట్‌ఫామ్‌ల్లో టైప్ చేసినదంతా వీడియోలా తిరిగి చూడొచ్చు. మనిషి రాసేటప్పుడు తడబడతాడు, వెనక్కొస్తాడు, పేరు మారుస్తాడు. 40 లైన్లు పైనుంచి కిందికి ఒకే వేగంతో, ఒక్క దిద్దుబాటు లేకుండా వస్తే తెలిసిపోతుంది. వేరియబుల్ పేర్లు మార్చడం వల్లా లాభం లేదు, 1994లో వచ్చిన మాస్ (కోడ్ నకళ్లు పట్టే ప్రోగ్రామ్) కూడా కోడ్ ఆకారాన్నే పోలుస్తుంది. ఇక తర్వాతి రౌండ్‌లో "ఈ లైను ఎందుకు రాశారు, ఎన్ పది రెట్లయితే ఏం మారుతుంది" అని రెండు ప్రశ్నలడిగితే చాలు.

పైథాన్_పద్దు
లైవ్ రౌండ్ అన్నారు కాబట్టి అడుగుతున్నా. జావాలో అప్లై చేసి టెస్ట్ పైథాన్‌లో రాయొచ్చా? ఎడిటర్‌లో భాష ఎంచుకోనిస్తున్నారు.

క్యూఏ_కృష్ణవేణి
ఎంచుకోనిచ్చారంటే రాయొచ్చు, స్కోరులో తేడా ఉండదు. లైవ్ రౌండ్‌లో మాత్రం జావా కోడ్ తెరిచి అడుగుతారు. భాష మధ్యలో మారిస్తే కొన్ని ఎడిటర్లలో పాత కోడ్ చెరిగిపోతుంది, ఆ బటన్ నొక్కేముందు కంట్రోల్ ఏ, కంట్రోల్ సీ కొట్టి ఉంచుకోండి.

నల్‌పాయింటర్
కాపీ పేస్ట్ ఆపేసిన చోట అదీ కుదరదు మేడమ్. మొదటి లైను రాయకముందే భాష ఖాయం చేసుకోవడమే.